ఛాతీనొప్పి: ఎవరిని ఇంటికి పంపవచ్చు?

జులై నెల, రాత్రి రెండు గంటలు. ఆ వేళప్పుడు కూడా మస్కట్‌లో బయట గాలి పొయ్యి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. బర్కా దగ్గర భవన నిర్మాణంలో పనిచేసే 43 ఏళ్ళ మనిషిని అతని గదిలో ఉండే మిత్రులిద్దరు పికప్ బండిలో అత్యవసర విభాగానికి తీసుకొచ్చారు. వచ్చినవారిని తీవ్రతను బట్టి వేరుచేసే ట్రయాజ్ బల్ల దగ్గర ఉన్న నర్సు మలయాళీ. ఆమెకు వచ్చిన హిందీ, అతనికి వచ్చిన హిందీ కలిసిన చోట ‘జలన్’ అన్న ఒక్క మాట తేలింది. కాగితం మీద ‘పొట్ట పైభాగాన మంట, అసిడిటీ కావచ్చు’ అని ఎక్కింది. నేను మంచం దగ్గరకు వెళ్ళి తెలుగులో పలకరించగానే అతను ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచి, “గ్యాస్ పట్టింది సారూ, గుండెల మంట. జర గోలీ ఇయ్యుండ్రి, పొద్దుగాల డ్యూటీకి పోవాలె” అన్నాడు.

ఇసీజీ అప్పటికే తీశారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అంతకుముందు గంటలో అదే విభాగంలో ఛాతీనొప్పితో వచ్చిన మరి ముగ్గురిని చూశాను. ఒకరికి కండరం పట్టింది, ఒకరికి నిజంగానే ఆమ్లం పైకి తన్నింది, ఒకరికి భయం. నాలుగో మనిషి కూడా ఆ వరుసలోని వాడేనా, కాదా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం గత యాభై ఏళ్ళలో సమకూర్చుకున్న జవాబేమిటి, ఆ జవాబు ఒమాన్‌లో ఒక తెలుగు కూలీ మంచం దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ తడబడుతుంది అన్నది ఈ వ్యాస విషయం. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా రోగుల వివరాలు కొన్ని మార్చాను.

అసలు ప్రశ్న

అత్యవసర విభాగంలో వైద్యుని పని రోగం పేరు చెప్పడమని చాలామంది అనుకుంటారు. ఛాతీనొప్పి విషయంలో మా మొదటి పని ప్రాణం తీసే నాలుగైదు కారణాలలో ఏదీ లేదని తగినంత నమ్మకంతో చెప్పగలగడం. గుండె కండరానికి రక్తం అందకపోవడం, బృహద్ధమని గోడ చీలడం, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి నొక్కేయడం, అరుదుగా అన్నవాహిక చిరగడం. ఇవి కాకపోతే నొప్పికి కారణమేమిటో తెలియకపోయినా మనిషిని ఇంటికి పంపవచ్చు. “మీకేం లేదు” అని ఇంటికి పంపిన రోగికి నిజానికి మేం చెబుతున్నది “మీకు ప్రమాదకరమైనది ఉండే అవకాశం చాలా తక్కువ” అని మాత్రమే. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న తేడాలోనే మా వృత్తిలోని నిద్రలేని రాత్రులన్నీ ఉన్నాయి.

అమెరికాలోని పది ఆసుపత్రులలో 10,689 మంది రోగులను పరిశీలించి పోప్, అతని సహచరులు 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ తరచు ఉదహరించేదే. ఛాతీనొప్పి వంటి లక్షణాలతో వచ్చినవారిలో నూటికి సుమారు 17 మందికే హృదయధమనుల తీవ్రవ్యాధి ఉన్నట్టు తేలింది. గుండెపోటు అని నిర్ధారణ అయినవారు నూటికి 8 మంది. అందరినీ చేర్చుకుంటే పడకలు చాలవు, డబ్బు చాలదు, అనవసరమైన యాంజియోగ్రాములు పెరుగుతాయి. చేర్చుకోకుండా పంపేస్తే? ఆ అధ్యయనంలో గుండెపోటు వచ్చినవారిలో 2.1 శాతం మందిని పొరపాటున ఇంటికి పంపారు. నూటికి ఇద్దరే కదా అనిపిస్తుంది. అలా పొరపాటుకు గురైనవారు ఎవరన్నది నాకు ఆ అంకె కంటే ముఖ్యంగా తోచింది: 55 ఏళ్ళలోపు స్త్రీలు, తెల్లజాతివారు కానివారు, నొప్పి కంటే ఆయాసం ప్రధానంగా చెప్పినవారు, ఇసీజీ మామూలుగా ఉన్నవారు. అంటే పొరపాటు యాదృచ్ఛికంగా జరగదు. వైద్యుని ఊహలోని ‘గుండెరోగి’ రూపానికి సరిపోనివారి మీదనే అది వెళ్ళి పడుతుంది.

మొదటి పది నిమిషాలు

రోగి గడపదాటిన పది నిమిషాలలోపు ఇసీజీ తీసి, దాన్ని చదవగలిగిన వైద్యుడు చూసి ఉండాలన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న నియమం. ఐంతోవెన్ తీగ గాల్వనోమీటరుతో గుండె విద్యుత్తును గీతగా పట్టి, అందుకు 1924లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నూరేళ్ళు దాటినా ఇంత చవకగా, ఇంత త్వరగా, ఇంత విలువైన సమాచారం ఇచ్చే పరీక్ష మరొకటి రాలేదు. ఎస్‌టీ భాగం పైకి లేచి ఉంటే ఇక ఆలోచన లేదు. ధమని పూర్తిగా మూసుకుపోయిందని భావించి వెంటనే తెరవాలి.

ఒమాన్‌లో ఈ ‘వెంటనే’ అన్న మాటకు భూగోళం అడ్డొస్తుంది. దేశ వైశాల్యం సుమారు 3,09,500 చదరపు కిలోమీటర్లు, అంటే తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపినదానికంటే కాస్త ఎక్కువే. జనాభా మాత్రం దాదాపు 50 లక్షలు. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశంలో ఆసుపత్రులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1987లో రాయల్ హాస్పిటల్, 1990లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి మస్కట్‌లో ప్రారంభమయ్యాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత నిర్మించుకున్న దేశాలు అరుదు. అయినా మస్కట్ నుంచి సలాలాకు వెయ్యి కిలోమీటర్ల దారి. మధ్యలో ఎడారి నడుమ హైమా. అక్కడి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా బెలూన్‌తో ధమనిని తెరిచే కేంద్రానికి చేరేసరికి గంటలు గడిచిపోతాయి. రోగనిర్ధారణ అయిన 120 నిమిషాలలోపు బెలూన్ చికిత్స అందే అవకాశం లేకపోతే, వ్యతిరేక కారణాలేవీ లేనప్పుడు, గడ్డను కరిగించే మందు అక్కడే ఎక్కించి ఆ తరువాత తరలించాలని మార్గదర్శకాలు చెబుతాయి. కనుక ఎడారిలోని చిన్న ఆసుపత్రిలో ఇసీజీ చదివే యువవైద్యుని భుజాల మీద మస్కట్‌లో నామీద ఉన్నదానికంటే పెద్ద బరువే ఉంది.

అంబులెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2008–09లో గల్ఫ్ రేస్-2 అనే పేరుతో ఆరు అరబ్బు దేశాలలో గుండెరోగుల నమోదు జరిగింది; ఒమాన్ అందులో ఒకటి. ఆ సమాచారం నుంచి వెలువడిన ఒక విశ్లేషణలో అంబులెన్సులో వచ్చినవారు నాలుగింట ఒక వంతు మాత్రమే. మిగిలినవారు సొంత కారులోనో, టాక్సీలోనో, నా రోగిలాగా మిత్రుల బండిలోనో వచ్చారు. దారిలో గుండె లయ తప్పి ఆగిపోతే ఆ బండిలో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఒమాన్‌లో అత్యవసర ఫోన్ నంబరు 9999. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న తెలుగువారిలో కూడా అది తెలియనివారు నాకు తగిలారు.

మామూలు ఇసీజీ గురించి ఒక హెచ్చరిక. నొప్పి వచ్చి పోతూ ఉండే దశలో, నొప్పి లేని క్షణాన తీసిన గీత నిర్మలంగా ఉండవచ్చు. గుండె వెనుక గోడకు రక్తం ఆగినప్పుడు మామూలుగా అతికించే పన్నెండు లీడ్లలో అది సూటిగా కనిపించదు, వీపు మీద అదనపు లీడ్లు పెట్టి చూడాలి. 1982లో వెల్లెన్స్ బృందం, 2008లో డి వింటర్ బృందం వర్ణించిన గీతలలో ఎస్‌టీ లేవకపోయినా ప్రమాదం పొంచి ఉంటుంది. అందుకే నొప్పి కొనసాగుతుంటే పదిహేను, ముప్పై నిమిషాలకొకసారి మళ్ళీ తీయాలి. ఒక ఇసీజీ ఒక ఛాయాచిత్రం వంటిది. మాకు కావలసింది నడిచే బొమ్మ.

ఒమాన్‌లో తరచుగా ఎదురయ్యే మరో సంగతి ఉంది. ఇరవై ఏళ్ళ ఒమానీ కుర్రవాడు ఛాతీనొప్పితో వస్తే నా మనసు మొదట వెళ్ళేది గుండె మీదికి కాదు, సికిల్ సెల్ వ్యాధి మీదికి. 1990లలో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలోని పిల్లలలో దాదాపు 6 శాతం ఆ జన్యులక్షణాన్ని మోస్తున్నారు, వ్యాధి 0.2 శాతం మందికి ఉంది. కొడవలి ఆకారంలోకి వంగిన రక్తకణాలు ఊపిరితిత్తుల సన్నని నాళాలను మూసేస్తే జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపిస్తాయి. దీన్ని అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అంటారు. గంటల్లో ముదిరే ఈ స్థితికి ప్రాణవాయువు, రక్తమార్పిడి కావాలి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నేను దీన్ని పుస్తకంలో చదివానే తప్ప చూసిన గుర్తులేదు. ఏ ఊళ్ళో కూర్చుని అడుగుతున్నామన్నదాన్ని బట్టి ఒకే ప్రశ్నకు జవాబు మారుతుంది.

మాటలతో చేసే పరీక్ష

ఇసీజీ మామూలుగా ఉన్నప్పుడు మిగిలే ప్రధాన సాధనం రోగి చెప్పే కథ. విలియం హెబర్డెన్ 1768లో లండన్‌లోని వైద్యుల కళాశాలలో ఆంజైనాను వర్ణించినప్పుడు అతని దగ్గర ఉన్నది అదొక్కటే. నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే రొమ్ములో పట్టివేత వస్తుందనీ, నిలబడగానే పోతుందనీ అతను చెప్పిన లక్షణం నేటికీ మారలేదు.

రోగి మాటలకు కూడా అంకెలు కట్టవచ్చు. ఒక లక్షణం గుండెపోటు ఉన్నవారిలో ఎంత తరచుగా ఉంటుందో, లేనివారిలో ఎంత తరచుగా ఉంటుందో లెక్కించి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆ లక్షణపు సంభావ్యతా నిష్పత్తి. స్వాప్, నాగర్నీ 2005లో పాత అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించి ఇచ్చిన పట్టికలో నొప్పి రెండు చేతులకూ, భుజాలకూ పాకితే 4.1, కుడిచేతికి పాకితే 4.7, శ్రమతో వస్తే 2.4, చెమటలు పడితే 2.0. మరోవైపు ఊపిరి పీల్చినప్పుడు పెరిగే నొప్పికి 0.2, పొడిచినట్టుండే నొప్పికి, వేలితో నొక్కితే కలిగే నొప్పికి 0.3. ఎడమచేయి లాగితేనే గుండెపోటని సినిమాలు నేర్పాయి. కుడిచేతికి పాకే నొప్పికి బలం ఇంకా ఎక్కువని ఈ పట్టిక చెబుతుంది.

ఈ అంకెలతో ఏం చేస్తాం? ఒక రోగికి గుండెపోటు అవకాశం మొదట 15 శాతం అనుకుందాం. నొప్పి రెండు చేతులకూ పాకిందని తెలిస్తే అది దాదాపు 42 శాతానికి పెరుగుతుంది. ఊపిరి తీస్తే పెరిగే నొప్పి అని తెలిస్తే మూడున్నర శాతం దగ్గరకు పడిపోతుంది. బేయిస్ సూత్రం తెలిసిన ఇంజనీరు పాఠకులు ఈ లెక్కను కాగితం మీద సరిచూసుకోవచ్చు. ఒకటి గమనించండి: అనుకూలమైన జవాబు కూడా అవకాశాన్ని సున్నా చేయలేదు. మూడున్నర శాతం అంటే ముప్పైమందిలో ఒకరు. అంత తప్పుకు ఏ వైద్యుడూ సిద్ధపడడు.

మరికొన్ని నమ్మకాలను ఈ పరిశోధనలు పడగొట్టాయి. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ పెట్టగానే నొప్పి తగ్గితే అది గుండెదే అని మాకు నేర్పారు. హెన్రిక్‌సన్ బృందం 2003లో పరీక్షించి చూస్తే, గుండెజబ్బు ఉన్నవారిలో 35 శాతం మందికి, లేనివారిలో 41 శాతం మందికి ఆ మాత్రతో నొప్పి తగ్గింది! జెలుసిల్ తాగితే తగ్గింది కాబట్టి గ్యాసే అన్న తర్కానికీ ఇదే గతి.

ఇక్కడే భాష వచ్చి కూర్చుంటుంది. ఈ నిష్పత్తులన్నీ రోగి చెప్పినది వైద్యునికి చెప్పినట్టే చేరిందన్న ఊహ మీద నిలబడ్డాయి. తెలుగులో ‘గుండె’ అంటే రక్తాన్ని తోసే అవయవం. ‘గుండెలు’ అంటే ఛాతీ అంతా. ‘గుండెల మంట’ అంటే పులితేన్పులు. ‘మంట’ అన్న మాట హిందీలోకి ‘జలన్’గా, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి ‘అసిడిటీ’గా మారేసరికి రోగి అనుభవం కాస్తా రోగనిర్ధారణ అయి కూర్చుంటుంది. తెలంగాణ నుంచి వచ్చినవారికి హిందీ కొంతైనా వస్తుంది. ఇళ్ళల్లో పనికి కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చిన స్త్రీలకు అదీ రాదు. యజమాని ఇంటివారు అరబిక్‌లో చెప్పిందే ఆమె కథ అవుతుంది. ఆమె ‘ఆయాసం’ అన్నది వారికి బద్ధకంగా కనబడితే, నా దగ్గరకు వచ్చేది బద్ధకమే.

‘గుండెపోటు’ అన్న మాటలోనే ఒక చిక్కు ఉంది. కత్తిపోటులోని పోటు అది. ఆ మాట వింటూ పెరిగిన మనిషి గుండెజబ్బు అంటే కత్తితో పొడిచినట్టు ఉంటుందని ఎదురుచూస్తాడు. నిజానికి పొడిచినట్టుండే నొప్పి ఆ అవకాశాన్ని తగ్గించేదే. బరువు పెట్టినట్టు, బిగబట్టినట్టు ఉండేదాన్ని అతను నొప్పి అని కూడా అనడు. “నొప్పి ఉందా?” అంటే “లేదు సారూ” అంటాడు, నిజాయితీగానే. 2000లో కాంటో బృందం 4,34,877 మంది గుండెపోటు రోగుల వివరాలను పరిశీలిస్తే మూడోవంతు మందికి ఛాతీనొప్పే లేదని తేలింది. అటువంటివారిలో ఆసుపత్రిలో మరణించినవారు 23.3 శాతం, నొప్పితో వచ్చినవారిలో 9.3 శాతం. అమెరికా గుండె వైద్యసంఘాల 2021 మార్గదర్శకం ‘ఎటిపికల్’ ఛాతీనొప్పి అన్న మాటనే విడిచిపెట్టమని చెప్పింది. ఆ మాట రాసుకున్న వైద్యుడు ఆలోచించడం ఆపేస్తాడన్నది నా అనుభవం కూడా.

నా రోగిని మళ్ళీ అడిగాను: “మంట ఎప్పుడు మొదలైంది? అప్పుడేం చేస్తున్నారు?”

“నాల్గు రోజులసంది గిట్లనే సారూ. బస్తాలు మోస్తుంటె ఇక్కడ పట్టినట్లయితది. దించి కూసుంటె పోతది. ఇయ్యాల మాత్రం పండుకున్నప్పుడే వచ్చింది, పోతలేదు.”

‘ఇక్కడ’ అన్నప్పుడు అతను వేలు పెట్టి చూపలేదు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యన ఆనించాడు. శామ్యూల్ లెవైన్ పేరుతో వైద్యవిద్యార్థులు నేర్చుకునే సైగ అది. దాని మీద ఒక్కదాని మీదనే ఆధారపడకూడదని పరిశోధనలు చెప్పాయి, నిజమే. కానీ రాత్రి రెండు గంటలకు దాన్ని చూసినప్పుడు నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

రక్తంలోని సాక్ష్యం

గుండె కండరం దెబ్బతింటే దానిలోని ట్రోపోనిన్ అనే మాంసకృత్తు రక్తంలోకి కారుతుంది. జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషీ సెత్సురో 1960లలో కనుగొన్న ఈ పదార్థాన్ని గుండె నష్టానికి కొలబద్దగా మార్చినవారిలో జర్మనీకి చెందిన హ్యూగో కాటుస్ ముఖ్యుడు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు సీకే-ఎంబీ పరీక్ష కోసం రోగిని రాత్రంతా ఉంచేవాళ్ళం. నేటి అతిసున్నిత పరీక్షలు అతి స్వల్ప పరిమాణాన్ని కూడా పట్టుకుంటాయి. ట్రోపోనిన్-టి పరీక్షలో, ఆరోగ్యవంతులలో నూటికి 99 మందికి విలువ లీటరుకు 14 నానోగ్రాములలోపు ఉంటుంది.

అయితే 14 అన్న గీతకు ఇవతల ఉన్నారా అవతల ఉన్నారా అన్నదానికంటే ఆ విలువ కదులుతోందా అన్నది ముఖ్యం. యూరప్ గుండె వైద్యసంఘం 2015లో ఆమోదించిన ఒక గంట పద్ధతిలో ఇదే కీలకం. మొదటి నమూనాలో 12 కంటే తక్కువ ఉండి, గంట తరువాత మార్పు 3 కంటే తక్కువ ఉంటే గుండెపోటు దాదాపు లేనట్టే. మొదటే 52 లేదా అంతకు మించి ఉన్నా, గంటలో 5 లేదా అంతకు మించి మారినా గుండెపోటుగానే చూడాలి. మధ్యలో మిగిలినవారిని ఉంచి గమనించాలి. ఈ అంకెలు ఒక పరీక్షా విధానానికే వర్తిస్తాయి. మరో కంపెనీ యంత్రానికి వేరే అంకెలు. మూత్రపిండాలు చెడినవారిలో, గుండె బలహీనమైనవారిలో, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో ట్రోపోనిన్ ఎప్పుడూ కొంత ఎక్కువే ఉండవచ్చు. నొప్పి మొదలై గంట కూడా కాకముందే వచ్చినవారిలో మొదటి విలువ ఏమీ చెప్పదు.

నా రోగికి మొదటి విలువ 11. ‘నార్మల్’ అని ప్రయోగశాల ముద్ర.

అంకెల పట్టిక, దాని గుడ్డితనం

ఇవన్నీ కలిపి ఒక నిర్ణయానికి వచ్చేందుకు నెదర్లాండ్స్‌లో యాకోబ్ సిక్స్, బార్బ్రా బాకస్ 2008లో ‘హార్ట్ స్కోరు’ అనే పట్టికను ప్రతిపాదించారు. రోగి కథ, ఇసీజీ, వయసు, ముప్పు కారకాలు, ట్రోపోనిన్: ఈ అయిదింటికీ తలా 0, 1, 2 మార్కులు, మొత్తం పదికి. పది డచ్చి ఆసుపత్రులలో 2,400 మందికి పైగా రోగులపై పరీక్షించి 2013లో ప్రచురించినప్పుడు, 0 నుంచి 3 మార్కులు వచ్చినవారిలో ఆరు వారాలలోపు గుండెపోటు, మరణం, ధమని తెరిచే చికిత్స వంటివి 1.7 శాతం మందికి ఎదురయ్యాయి. 4 నుంచి 6 వచ్చినవారిలో 16.6 శాతం. ఏడు లేదా అంతకు మించి వస్తే సగం మంది. వాడటానికి తేలిక, గుర్తుంచుకోవడానికి తేలిక. ప్రపంచమంతటా అత్యవసర విభాగాలలో వ్యాపించింది. మేమూ వాడతాం. దాన్ని తీసేయమని నేను అనను.

నా రోగికి ఆ రాత్రి ట్రయాజ్ కాగితం ఆధారంగా మార్కులు వేద్దాం. కథ: మంట, అసిడిటీ, 0. ఇసీజీ మామూలు, 0. వయసు 45 లోపు, 0. ముప్పు కారకాలు ‘తెలిసినవి ఏవీ లేవు’; 0. ట్రోపోనిన్ 14 లోపు, 0. పదికి సున్నా. ఇంతకంటే నిశ్చింతగా ఇంటికి పంపదగ్గ మనిషి దొరకడు.

ఇప్పుడు అతని భాషలో అడిగి, రక్తపరీక్ష చేసి వేద్దాం. బరువు మోస్తే వచ్చి, దించితే పోయి, నాలుగు రోజులుగా పెరుగుతూ చివరికి పడుకున్నప్పుడు వచ్చిన పట్టివేత: కథకు 2. చిన్నప్పటి నుంచి బీడీలు, ఇక్కడ సిగరెట్లు. చక్కెర ఎప్పుడైనా చూపించుకున్నారా అంటే లేదన్నాడు. వేలు గుచ్చి చూస్తే 14 మిల్లీమోల్స్, మన ఊరి లెక్కలో సుమారు 250 మిల్లీగ్రాములు. తండ్రి ఎలా పోయారని అడిగితే, “బాపు పొలంల పడిపోయిండు సారూ, ఎండదెబ్బ తాకిందన్నరు. అప్పటికి యాభై గూడ లేవు” అన్నాడు. ఆ మరణం వడదెబ్బే కావచ్చు. ఛాతీనొప్పితో వచ్చిన కొడుకు దగ్గర మాత్రం నేను దాన్ని అలా వదలను. ముప్పు కారకాలు మూడు: 2. మొత్తం నాలుగు. మనిషి మారలేదు, ఇసీజీ మారలేదు, మొదటి ట్రోపోనిన్ మారలేదు. సున్నా కాస్తా నాలుగయింది, ఇంటికి పంపవలసినవాడు ఉంచవలసినవాడయ్యాడు.

పట్టికలోని ‘తెలిసినవి ఏవీ లేవు’ అన్న పదబంధాన్ని చూడండి. ప్రతి పౌరునికీ కుటుంబవైద్యుడుండి, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ క్రమంగా కొలిచే దేశంలో ‘తెలియదు’ అంటే చాలావరకు ‘లేదు’ అనే అర్థం. వలస కూలీ విషయంలో ‘తెలియదు’ అంటే ఎవరూ చూడలేదని అర్థం. వీసా కోసం జరిగే వైద్యపరీక్షలో ప్రధాన దృష్టి క్షయ, హెపటైటిస్, హెచ్‌ఐవీ వంటి అంటురోగాల మీద. ఆ తరువాత అతని రక్తం చూసినవారు లేరు. పరీక్ష జరగకపోవడాన్ని పట్టిక ఆరోగ్యంగా లెక్కకట్టి అతనికి మంచి మార్కులు వేస్తుంది.

వయసు విషయంలోనూ అంతే. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం నుంచి ప్రశాంత్ జోషి బృందం 2007లో వెలువరించిన విశ్లేషణలో దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటు వయసు 53. మిగతా దేశాలవారికి దాదాపు 59. గల్ఫ్ దేశాల నమోదులలో కూడా గుండెపోటు రోగుల సగటు వయసు యాభైల మధ్యలోనే, పాశ్చాత్యుల కంటే దాదాపు పదేళ్ళు ముందు. మధుమేహం అయిదుగురిలో ఇద్దరికి. డచ్చి పట్టిక 45 ఏళ్ళ దగ్గర గీసిన గీత మనవాళ్ళకు ఎక్కడ ఉండాలన్నది తేల్చవలసిన ప్రశ్నే. మరోవైపు, ఆ గీతను ఇష్టం వచ్చినట్టు జరిపితే పట్టికకు ఉన్న ప్రామాణికతే పోతుంది. నేను గీతను జరపను. మార్కులు వేయకముందు చక్కెర, కొవ్వులు పరీక్షకు పంపిస్తాను, రక్తపోటు నొప్పి తగ్గాక మరోసారి చూస్తాను. ఇందుకు అదనంగా అయ్యే ఖర్చు కొద్ది రియాళ్ళు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో 38 ఏళ్ళ తెలుగు డ్రైవరుకు ఒక మార్కు వేసి, రెండు ట్రోపోనిన్లు మామూలుగా ఉన్నాయని చూసి, మూడు రోజుల్లో గుండె క్లినిక్‌కు రమ్మని కాగితం ఇచ్చి పంపాను. పద్ధతి ప్రకారం తప్పులేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది. అతను పనిచేసేది దుఖ్మ్‌లో, మస్కట్‌కు అయిదువందల కిలోమీటర్లకు పైగా దూరం. క్లినిక్‌కు రావాలంటే రెండు రోజుల జీతం, సూపర్‌వైజర్ అనుమతి. తగ్గిన నొప్పి కోసం ఎవరు అడుగుతారు? పదకొండో రోజున గుండె ముందుగోడ పూర్తిగా దెబ్బతిన్న స్థితిలో మరో ఆసుపత్రికి చేరాడు. బతికాడు. గుండె పంపు బలం మామూలులో సగానికి పడిపోయింది. బరువైన లారీ నడపడానికి పనికిరాడని ఇంటికి పంపించారు. తక్కువ ముప్పు అన్న నిర్ణయం రోగి మళ్ళీ వైద్యుని దగ్గరకు రాగలడన్న షరతు మీద నిలుస్తుంది. ఆ షరతు నెరవేరుతుందా అని నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతాను: ఎక్కడ పనిచేస్తారు, ఎవరి బండిలో వెళతారు, నొప్పి మళ్ళీ వస్తే అర్ధరాత్రి ఎవరిని లేపుతారు. సరైన జవాబు రాకపోతే, స్కోరు రెండైనా సరే, ఇరవై నాలుగు గంటలు ఉంచుకుని ఉండగానే తదుపరి పరీక్ష చేయిస్తాను. పడకల కోసం సహోద్యోగులు విసుక్కుంటారు. వారి విసుగులో న్యాయం ఉంది.

గంట గడిచాక నా రోగి రెండో ట్రోపోనిన్ వచ్చింది: 19. పెద్ద అంకె కాదు. పాత పద్ధతిలో అయితే ‘సరిహద్దు’ అని పక్కన పెట్టేవాళ్ళం. గంటలో ఎనిమిది పెరిగింది. అప్పుడే తీసిన మూడో ఇసీజీలో ఛాతీ ముందు లీడ్లలో టీ తరంగాలు తలకిందులవుతున్నాయి. తెల్లవారాక మణికట్టు నుంచి యాంజియోగ్రాం చేస్తే ఎడమ ముందు ధమని మొదట్లోనే తొంభై శాతం మూసుకుని ఉంది. స్టెంట్ వేశారు. మూడో రోజున లేచి కూర్చుని డ్యూటీ గురించే అడిగాడు. ఆరు వారాలు బస్తాలు మోయకూడదని తెలుగులో ఒక కాగితం, కంపెనీకి ఇంగ్లీషులో ఒక కాగితం రాసిచ్చాను. రెండోది పనిచేసిందో లేదో తెలియదు కానీ, చక్కెర మందులకు అతను నాలుగు నెలలుగా వస్తున్నాడు.

ఆ తరువాత ట్రయాజ్ నర్సుతో కూర్చుని ఆరు తెలుగు ప్రశ్నలను మలయాళ లిపిలో రాయించాను. తల ఊపితేనో, చేత్తో చూపితేనో జవాబు అయ్యే ప్రశ్నలు. ఎక్కడ, చూపించండి. చేతికి పాకుతుందా? బరువు మోస్తే, మెట్లెక్కితే పెరుగుతుందా? కూర్చుంటే తగ్గుతుందా? చెమట పట్టిందా? ఆరోది, ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్ళలోపు హఠాత్తుగా పోయారా అన్నది. మొదటి అయిదూ ఆమె చక్కగా చదువుతుంది. ఆరో ప్రశ్నకు మాత్రం తల ఊపడంతో సరిపెట్టేవారు తక్కువ. ఎవరు పోయారో, ఎలా పోయారో మొదలుపెట్టి ఆపకుండా చెబుతారు. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాదు. అప్పుడు నన్ను పిలుస్తుంది.